రాగిరేకు మీద చెరిపిన చెయ్యి

తోడబుట్టిన అక్క ఇంటికొస్తే బొట్టుపెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టి పంపడం లోకంలో ఉన్న మర్యాద. హైమ వాళ్ళ అక్క సునంద జాకెట్టు గుడ్డలు పుచ్చుకోదు. గిన్నెలు పట్టుకుపోతుంది.

మొదట రెండు కాఫీ గ్లాసులు పోయాయి. తరవాత మూతలు. వినాయక చవితి నాటికి ఉండ్రాళ్ళు వండే గిన్నె పోయింది. పోనీ ఇంత వండుకు తింటుందా అంటే, సునంద పొయ్యి మీద టీ తప్ప మరేదీ మరిగిన దాఖలా లేదు. ఆవిడ బందరులో ఒక కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసరు. పట్టుకుపోయిన గిన్నెల మీద గీతలు గీస్తుంది. గీసినవాటిని చెరుపుతుంది. ఆర్నెల్ల తరవాత ఏమీ ఎరగనట్టు సంచీలో వేసి తెచ్చి వంటింటి గట్టు మీద పెడుతుంది.

"దీని మీద నా పేరుండాలే?" అని హైమ అడుగుతుంది.

"ఉండేది."

"ఏమైంది?"

"సైన్సుకి పనికొచ్చింది. గర్వపడు."

అది హైమ పెళ్ళికి వాళ్ళమ్మ కొనిచ్చిన సామాను. ఒక్కో గిన్నె మీదా కొట్టులో పేర్లు చెక్కే ఆయన చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇచ్చాడు. ఆ పేరు చూసుకునే కదా, పక్కింటికి పులుసు పోసి పంపిన గిన్నె ఏడాది తరవాతైనా తిరిగొచ్చేది! ఇప్పుడు హైమ గిన్నె గడప దాటితే ఏ ఊళ్ళో తేలుతుందో దేవుడికే తెలియాలి.

ఇదంతా సహించవచ్చు. సహించలేనిది ఇంకోటి ఉంది. సునందకి యాభై మూడేళ్ళు. ఆ యాభై మూడేళ్ళలో "తప్పు నాది" అన్న మాట ఆవిడ నోటివెంట వచ్చినట్టు సాక్ష్యం లేదు. కూర మాడితే పొయ్యిది తప్పు. రైలు తప్పిపోతే రైలుది తప్పు, అది టైముకి వచ్చినందుకు.

హైమ గిన్నెల్ని మేసిన యంత్రానికి సునంద పెట్టిన పేరు పలకాలంటే ముందు నోరు పుక్కిలించుకోవాలి. హైమ దాన్ని పిన్నిగారు అంటుంది. ప్రతి వీధిలోనూ ఒక ఎదురింటి పిన్నిగారు ఉంటారు. వాకిట్లో ముగ్గు చూసి, ఇది అత్త పెట్టిందా కోడలు పెట్టిందా, పెట్టేటప్పుడు మొగుడితో తగువుపడి ఉందా అన్నది చెప్పేస్తారు. యంత్రం చేసేదీ అదే. లోహం మీద చెక్కిన గీతలో కంటికి ఆనని సూదిని నడుపుతుంది. గాడి ఎక్కడ లోతో, ఎక్కడ పక్కకి ఒరిగిందో తడుముతుంది. తడిమి, ఆ గీత చెక్కిన చెయ్యి ఎంత బలంగా నొక్కిందో, ఎక్కడ తడబడిందో చెబుతుంది. చెరిపేసిన గీతనీ వదలదు. పైన ఎంత నున్నగా రుద్దినా, నొక్కుడు పడిన చోట లోపలి లోహం నలిగే ఉంటుందట. రాగి మరిచిపోదు, అంటుంది సునంద. అక్కలూ అంతే, అనుకుంటుంది హైమ.

అయితే పిన్నిగారికి ముందు చదువు చెప్పాలి. ఈ గీత ఫలానావాళ్ళు చెక్కారు, ఫలానా చేత్తో చెక్కారు, చెరిపిందీ వాళ్ళే అని, జవాబు ముందే తెలిసిన గీతల్ని వేలల్లో చూపించాలి. అలా చూసి చూసి, తెలియని గీత ఎదురైనప్పుడు చెయ్యి పోల్చుకోవడం నేర్చుకుంటుంది. ఆ చదువుకి పలకలు హైమ గిన్నెలు.

మార్గశిరంలో ఒక గురువారం హైమ క్యారేజీ పట్టుకుని లాబుకి వెళ్ళేసరికి, బల్ల మీద మెత్తటి గుడ్డలో ఒక రాగిరేకు ఉంది. చపాతీ పీటకన్నా కాస్త పెద్దది. పక్కనే దాన్నించి అచ్చుతీసిన కాగితం.

"రేకు ముట్టుకోకు," అంది సునంద క్యారేజీ విప్పుతూ. "నాలుగొందల ఏళ్ళ నాటిది. హాలెండులో ఒక పాత అచ్చాఫీసు అటక మీద దొరికింది. ఎఫువా పట్టుబట్టి ఇక్కడికి పంపించింది."

ఎఫువాది పశ్చిమాఫ్రికా. సముద్రపొడ్డున చేపలు పట్టే ఊరు. వాళ్ళ దేశపు మ్యూజియంలో ఉద్యోగం. పోయినేడు మూడు నెలలు బందరులో ఉండి పిన్నిగారిని నడపడం నేర్చుకుంది. హైమ వండిన బెండకాయ పులుసు తిని, "మా అమ్మ వంట మీకెవరు నేర్పారు ఆంటీ?" అని అడిగిన పిల్ల.

హైమ కాగితం మీదికి వంగింది. గినియా తీరం. సముద్రం ఒడ్డున కోట, కోట మీద ఫిరంగులు, జెండా, అలల మీద దోనెలు. కోట గుమ్మం ముందు కుచ్చుటోపీ పెట్టుకున్న తెల్ల వర్తకుడు. వెనక సిపాయిలు, కాళ్ళ దగ్గర చారల గుడ్డల మూటలు. ఎదురుగా నిండైన విగ్రహం గల ఒక ఆడమనిషి, సొరబుర్రలో మట్టి పోసి అతనికి అందిస్తోంది.

"కింద ఏం రాశారు?"

"'రాణి సంతోషముతో కోట నేలను తీరమును దానమిచ్చుట'."

"అంత సంతోషమేం కనపడట్లేదే ఆవిడ మొహంలో."

"మొహాలు చూడకు. ఈ చెక్కినవాడు చచ్చినా ఆఫ్రికా మొహం చూడలేదు. ఓడెక్కి వెళ్ళొచ్చినవాడెవడో గీసిన చిత్తుబొమ్మ ముందు పెట్టుకుని, తన ఊళ్ళో కూర్చుని చెక్కాడు. అందులో లేనిది కల్పించాడు. ఆ కొబ్బరిచెట్లు చూడు."

కొబ్బరిచెట్లు కాలీఫ్లవరు పువ్వుల్లా ఉన్నాయి. మూలనున్న ఏనుగుకి పంది చెవులున్నాయి.

"ఏనుగు దగ్గర వాడి చెయ్యి ఎన్నిసార్లు ఆగిందో పిన్నిగా... యంత్రం చెప్పింది." సునంద నాలిక కరుచుకుంది. "కానీ వర్తకుడూ ఈవిడా ఉన్న చోట ఎక్కడా ఆగలేదు. అక్కడ ముందున్న బొమ్మ చూసి ఉన్నదున్నట్టు చెక్కాడు. ఒక్క చోట తప్ప. ఇదిగో."

తెర మీద రాణి బొమ్మ, అచ్చుకాగితం మీద ఉన్న వైపుగానే, పెద్దదయింది. నల్లటి గీతల అడుగున ఎర్రటి గీతలు తేలాయి. మొదట చెక్కినప్పుడు సొరబుర్ర ఆవిడ ఎడమచేతిలో ఉంది. తరవాత ఆ చేతిని చెరిపేసి, బుర్రని కుడిచేతిలో పెట్టారు.

"అయ్యో, ఎడమచేత్తో ఇవ్వకూడదుగా," అంది హైమ. మాట దానంతటదే వచ్చేసింది.

సునంద చెంచా కింద పెట్టింది. "వచ్చావూ అక్కడికి? బీయస్సీ బోటనీ చదివి ఏం లాభమే? రేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది, అద్దంలోలా. అందుకని చెక్కేవాళ్ళు అన్నీ తిరగేసి చెక్కాలి. వీడు ఆ ఒక్క చేతి దగ్గర తిరగెయ్యడం మరిచిపోయాడు. చూసుకుని దిద్దాడు. పనివాడి పొరపాటు. అంతే."

"మరి సిపాయిల కత్తులన్నీ ఎడమ పక్కనే సరిగ్గా ఉన్నాయే? వాటి కింద ఎర్రగీతలు లేవే? అన్ని కత్తులు గుర్తున్నవాడు ఒక్క చెయ్యి మరిచిపోయాడా?"

"ఐదు కూరలు వండి ఒకదాన్లో ఉప్పు మరిచిపోవూ నువ్వు?"

హైమ పులిహోర వైపు అనుమానంగా చూసింది.

"అయినా ఇది నా ఊహ కాదు. చెక్కిన చెయ్యీ చెరిపిన చెయ్యీ ఒకటేనని యంత్రం చెప్పింది. కావాలంటే తొడుక్కు చూడు."

అది సునంద కొత్తగా చేయించిన చేతొడుగు. లోపలంతా సన్నటి తీగలు. యంత్రం పోల్చుకున్న చేతి కదలికని, తొడుక్కున్నవాళ్ళ చేతిలోకి ఎక్కిస్తుంది. హైమ కుడిచెయ్యి దూర్చింది.

ఒక క్షణం ఏమీ లేదు. తరవాత ఆవిడ వేళ్ళు ఆవిడవి కాకుండా పోయాయి. బొటనవేలు చేతిలో లేని పనిముట్టుని నొక్కిపట్టింది. మణికట్టు మెల్లిగా ముందుకి సాగింది. ఎక్కడో చలిదేశంలో, కిటికీ పక్కన కూర్చున్న మనిషి ఓపిక నాలుగొందల ఏళ్ళు దాటొచ్చి ఆవిడ చేతిలో కూర్చుంది. అతను ఊపిరి బిగబట్టిన చోట హైమకీ ఊపిరాగింది. రాణి ఎడమచెయ్యి ఒక్క విసురులో, తడబాటు లేకుండా వచ్చింది. ముగ్గులో చెయ్యి తిరిగినవాళ్ళ గీత ఎలా వస్తుందో అలాగ. మరిచిపోయి చేసిన పనిలా లేదు.

తరవాత చెరుపుడు మొదలైంది.

"అమ్మా!" అంది హైమ. మణికట్టు బయటికి మెలితిరిగింది. మోచెయ్యి డొక్కలో పొడుచుకుంది. తలుపు సందులోంచి చెయ్యి దూర్చి అవతలి గడియ తీస్తున్నట్టుంది. చేతొడుగు ఊడబీకేసింది. "ఇదేమిటక్కా, చెయ్యి విరిగేట్టుంది!"

"అందరికీ అక్కడ నొప్పెడుతోంది. వాడికి కీళ్ళవాతం ఉండి ఉంటుంది. రిపోర్టులో రాశాను."

"చెక్కేటప్పుడు లేని కీళ్ళవాతం చెరిపేటప్పుడు వచ్చిందా?"

"పులిహోరలో ఉప్పు సరిపోలేదు," అంది సునంద.

వాళ్ళింకా తింటూండగానే తెర మీద ఎఫువా ప్రత్యక్షమైంది. మాటలు ఇంగ్లీషులోనే గానీ, ఏడ్చి మొహం కడుక్కున్న సంగతి ఏ భాషలోనైనా తెలుస్తుంది.

"ప్రొఫెసర్, మీ రిపోర్టు అందింది. పనివాడి పొరపాటు అని రాశారు."

"అవును."

"ఏమ్మా, అలా ఉన్నావేం?" అని హైమ మధ్యలో దూరింది.

ఎఫువా చెప్పింది. బొమ్మలో ఉన్నది వాళ్ళ ఊరి కోటే. దాన్ని ఒక కంపెనీ కొని హోటలు చేస్తోంది. కోటతోపాటు తీరమంతా తమదేనని ఇసక మీద కంచె వేస్తామంటోంది. "మా అన్నలు పడవలు లాగేది ఆ ఇసక మీదికే ఆంటీ. కంచె పడితే పడవలు పెట్టే చోటుండదు, ఊరుండదు. కంపెనీ చూపించే వాటిల్లో అన్నిటికన్నా పాత రుజువు ఈ బొమ్మ. రాణి సంతోషంగా దానమిచ్చింది, ఇదిగో చూడండి అంటున్నారు. విచారణ సంఘం వచ్చే శుక్రవారం కూర్చుంటోంది."

"ఇచ్చిందా మరి?"

"మా నానమ్మ వేరేగా చెప్పేది. ఎదురుగా ఫిరంగులున్నాయి. కాదంటే ఊరు కాలుతుంది. అందుకని రాణి కాదనలేదు. మట్టి తీసి ఎడమచేత్తో ఇచ్చింది. మా ఊళ్ళో ఎడమచేత్తో ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. ఊరంతా అక్కడే నిలబడి నవ్వు ఆపుకుందట. తెల్లవాళ్ళకి తెలియలేదు, పుచ్చుకుని దణ్ణం పెట్టారట. ఇది కథ. కథని రుజువు కింద తీసుకోరు. రాగి అడుగున ఆ చెయ్యి కనపడేసరికి నాకు మా నానమ్మ కనపడినట్టయింది. పేజీ తిప్పితే, పొరపాటు అని ఉంది."

"మాకూ అంతేనమ్మా. ఎడమచేత్తో తాంబూలమిస్తే, పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కరు."

"ఆ మూటలు చూశారా ఆంటీ? చారల గుడ్డలు. అలాంటివి మీ తీరం నించే ఓడల్లో మాకు వచ్చేవి."

హైమ మళ్ళీ కాగితం చూసింది. మన గుడ్డలిచ్చి వాళ్ళ నేల పుచ్చుకున్నాడన్నమాట, అనుకుంది. అంతవరకూ ఎవరి ఊరి గొడవో అనిపించిన బొమ్మ బందరు దాకా జరిగొచ్చింది.

సునంద చెయ్యి కడుక్కుని వచ్చింది. "మీ ఊరు గెలిస్తే నాకూ సంతోషమే ఎఫువా. రెండు చేతులున్నాయని తేలితే, ఒకడు చెక్కినదాన్ని ఇంకొకడు కావాలని మార్చాడని రాసేదాన్ని. కానీ ఒకటే చెయ్యి. తన పని తనే దిద్దుకున్నాడు. అయినా ఎడమచెయ్యి అనేసరికి మీరంతా ఎందుకిలా..." గొంతు కాస్త పెద్దదయింది. "అదీ చెయ్యే. దానికీ ఐదు వేళ్ళే ఉంటాయి."

ఎఫువా తెర మీంచి వెళ్ళిపోయింది. హైమ ఖాళీ క్యారేజీతో బయల్దేరుతుంటే, సునంద ఒక సంచీ చేతికిచ్చింది. అందులో ఆరు గిన్నెలున్నాయి.

మర్నాడు పనిమనిషి రాలేదు. హైమ పెరట్లో పీట వేసుకుని ఆరు గిన్నెలూ ముందు పెట్టుకుంది. ప్రతి గిన్నెకీ సునంద ఒక చీటీ అంటించింది. గోరువెచ్చని నీళ్ళకి రాదు, కొబ్బరినూనెకి రాదు. ఈ జిగురు కనిపెట్టినవాడికి గిన్నెలు తోమే శిక్ష వెయ్యాలి. గోటితో గీకుతూ చదివింది. "చెక్కింది: సునంద, కుడి. చెరిపింది: సునంద, కుడి." రెండో గిన్నె మీదా అదే. మూడోదాని మీదా అదే.

ముప్పై ఏళ్ళు గిన్నెలు తోమిన మనిషికి తోమిన గుర్తు చేతిరాతలా కనపడుతుంది. కుడిచేత్తో రుద్దితే, వాన కుడివైపునించి కొట్టినట్టు గీతలు వాలతాయి. హైమ గిన్నెల మీద ముప్పై ఏళ్ళుగా కురుస్తున్నది ఆ వానే. సునంద చెక్కిన అక్షరాల వాలూ అదే. కానీ సునంద చెరిపిన చోట, పెళ్ళినాటి పేరుండాల్సిన చోట, వాన ఎడమవైపునించి కొడుతోంది.

హైమ ఇంకో గిన్నె తీసింది. ఎడమనించి. ఇంకోటి. ఎడమనించే. ఆరింటికి ఆరూ.

పీచు పక్కన పెట్టింది.

సునంద పుట్టుకతో పుర్రచెయ్యి. చిన్నప్పుడు కుడిచేత్తో తినమని అమ్మ తిట్టింది, కొట్టింది, చేతికి వేపాకు ముద్ద పూసింది. మానేశానని సునంద చెప్పింది. కానీ పెరట్లో బావి వెనక కూర్చుని ఎడమచేత్తోనే తింటోందని ఎవరో అమ్మ చెవిన వేశారు. ఆ ఎండాకాలం రెండు నెలలూ అమ్మ ఆ చెయ్యిని పాత చీర అంచుతో నడుముకి కట్టేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. సెలవులయ్యేసరికి కుడిచేత్తో తింటోంది, కుడిచేత్తో రాస్తోంది. దారికొచ్చిందన్నారు అందరూ. చాడీ చెప్పింది పనిమనిషి నాంచారమ్మేనని సునంద తీర్మానించుకుంది. నాంచారమ్మ పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. నిజంగా చెప్పిందెవరో హైమకి తెలుసు. ఆ సంగతి ప్రస్తుతానికి అలా ఉంచుదాం.

ఒక గదిలో పెరిగిన చెల్లెలు కాబట్టి, తలుపేసుంటే సునంద చేతిలో పెన్ను పక్క మారుతుందని కూడా హైమకి తెలుసు. మారుతుందని సునందకే తెలియదేమో.

అయితే పిన్నిగారు నేర్చుకున్న చదువేమిటి? కుడిచేతి గీతా ఎడమచేతి గీతా పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ ఒకరి కుడిచేతివే అని నేర్పారు. పాపం, అది నమ్మింది. అందుకే ఎడమచేతి కదలికని తీసుకెళ్ళి హైమ కుడిచేతికి ఎక్కించి, మెలితిప్పి చంపింది. కీళ్ళవాతం ఎవరికీ లేదు.

సోమవారం హైమ సంచీతో లాబుకి వెళ్ళింది.

"క్యారేజీ ఏదే?"

"ఇవాళ పస్తు. ఇవి చూడు." ఆరు గిన్నెలూ బల్ల మీద బోర్లించి, వాన సంగతి చెప్పింది.

సునంద కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసి చూసింది. "గిన్నె తిప్పి పట్టుకుని ఉంటాను."

"ఆరూనా?"

"నా లాబులోకొచ్చి నాకే పాఠమా? కుడి అని రాశానంటే కుడే."

"సరే. ఇదిగో ఏడోది. నా ముందు రుద్దు."

సునంద గీకుడు పనిముట్టు కుడిచేత్తో పట్టుకుంది. కొత్తగా పెన్సిలు పట్టిన పిల్లలా పట్టుకుంది. రెండుసార్లు రుద్దేసరికి పనిముట్టు జారి గిన్నె అడుగుదాకా గీత పడింది.

"నువ్వు చూస్తుంటే కుదరట్లేదు."

"చూడనులే." హైమ గోడ వైపు తిరిగింది. గోడ మీద పోయినేటి క్యాలెండరు ఉంది. ఏకాదశులు లెక్కపెట్టుకుంటూ నిలబడింది.

వెనకాల మొదట ఏమీ వినపడలేదు. తరవాత గరగరమని చప్పుడు మొదలైంది. తడబాటు లేదు. చేప నీళ్ళలో పడ్డట్టుంది. హైమ ఇటు తిరిగింది. పనిముట్టు సునంద ఎడమచేతిలో ఉంది.

సునంద ఆ చేతిని, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది.

"తలుపేసుకునేదాన్ని," అంది. "చెక్కేటప్పుడు జాగ్రత్తగా కుడిచేత్తోనే చెక్కేదాన్ని. చెరపడం విసుగు పని. ఎప్పుడు మారేదో తెలిసేది కాదు. చీటీ రాసేటప్పుడు మళ్ళీ కుడిచెయ్యి. కుడి అనే రాసేదాన్ని."

"ఇక్కడ నీ చెయ్యి కట్టేసేవాళ్ళెవరున్నారక్కా?"

"ఎవరూ లేరు." పనిముట్టు కింద పెట్టింది. "ఇంతకుముందు చేసిన పదకొండు రేకుల ఫలితాలూ పోయినట్టే. పత్రిక వాళ్ళు వ్యాసం వేసుకుంటామన్నారు. వెనక్కి తీసుకోవాలి."

హైమ ఎదురుచూసింది. ఇంకో మాట బాకీ ఉంది.

"చీటీలు తప్పు," అంది సునంద.

హైమ నుదురు కొట్టుకుని, ఇంటికెళ్ళి మిగిలిన తొమ్మిది గిన్నెలూ తెచ్చిచ్చింది. వాటిల్లో అమ్మ వాడిన మరచెంబు కూడా ఉంది. బజార్లో పేర్లు చెక్కే ఆయన్ని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన కుడిచేత్తో చెక్కి, కుడిచేత్తో చెరిపాడు. ఆయన చెక్కినవి సునంద ఎడమచేత్తో చెరిపింది, తలుపు బార్లా తీసిపెట్టి. చీటీలు హైమ రాసింది. పిన్నిగారికి మూడు రోజులు మళ్ళీ అఆలు దిద్దించారు.

గురువారం మధ్యాహ్నం రాగిరేకు మళ్ళీ సూది కిందికి వెళ్ళింది. తెర మీద ఈసారి రెండు చేతులు తేలాయి. చెక్కినది ఒక కుడిచెయ్యి. చెరిపినది వేరొక మనిషి ఎడమచెయ్యి.

చేతొడుగుని విప్పి ఎడమచేతికి సరిపడేట్టు బిగించారు. అది సునందే తొడుక్కుంది. నొప్పి లేదు, మెలి లేదు. ఆవిడ మణికట్టు హాయిగా అటూ ఇటూ కదిలింది. రుద్దుతున్నవాడెవడో తొందరపడలేదు. ఒకచోట, సొరబుర్ర పట్టుకున్న వేళ్ళ దగ్గర, చాలాసేపు ఆగాడు. తరవాత ఆ వేళ్ళు కూడా రుద్దేశాడు.

"హైమా," అంది సునంద మెల్లిగా. "అచ్చాఫీసు యజమాని చూసి, రాణి ఎడమచేత్తో ఇవ్వడమేమిటి, అసహ్యంగా ఉంది, మార్చమనుంటాడు. మార్చమని ఎవరికిచ్చాడో చూడవే. ఎడమచేతివాడితోనే ఎడమచెయ్యి చెరిపించాడు."

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి విచారణ సంఘం తెర మీదికి వచ్చింది. ముగ్గురు సభ్యులు, కంపెనీ లాయరు, ఎఫువా. ఆవిడ వెనక బెంచీల మీద ముదురు రంగుల గుడ్డలు కట్టుకున్న ముసలమ్మలు, పడవలవాళ్ళు. సునంద ఇస్త్రీ చీర కట్టుకుంది. హైమ కెమేరాకి కనపడకుండా పక్కన స్టూలు మీద కూర్చుంది, ఒళ్ళో గిన్నెల సంచీతో.

లాయరు చాలా మర్యాదస్తుడు. "ప్రొఫెసర్, పోయిన వారం మీ రిపోర్టులో ఒకే చెయ్యి. నిన్నటి రిపోర్టులో రెండు చేతులు. మొదటిసారి మీ యంత్రం చెడిపోయిందా?"

దారి తెరిచే ఉంది. అవునంటే చాలు, యంత్రం మీదికి పోతుంది. అక్క యాభై మూడేళ్ళుగా నడిచిన దారే అది. కానీ పొయ్యిది తప్పనీ రైలుది తప్పనీ అన్నట్టు ఇప్పుడు పిన్నిగారిది తప్పని అంటే, చెడిపోయిన యంత్రం చెప్పిన రెండో మాట మాత్రం ఎవరు నమ్ముతారు? బెంచీల మీది ముసలమ్మలకి ఇంగ్లీషు ఎంత వచ్చో గానీ, వాళ్ళూ కదలకుండా చూస్తున్నారు.

సునంద కెమేరాకి దగ్గరగా జరిగింది.

"యంత్రం చెడిపోలేదు. నేర్పింది నేర్పినట్టు చెప్పింది. నేర్పింది నేను. నాది ఎడమచేతివాటం. చిన్నప్పటినించీ దాచిపెట్టాను. నా ఎడమచేతి గీతల్ని కుడిచేతివని రాశాను." ఎడమచెయ్యి పైకెత్తి కెమేరాకి చూపించింది. "తప్పు నాది."

బెంచీల మీద కలకలం రేగింది. ముందు వరసలో పళ్ళులేని ముసలమ్మ ఒకామె, కొంగులాంటి గుడ్డ నోటికడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వు ఆపుకుంటోంది.

గిన్నెలు ఒక్కొక్కటే కెమేరా ముందుకి వెళ్ళాయి. వాన కుడినించి కొట్టడం, ఎడమనించి కొట్టడం సంఘం వారు దగ్గరికి వంగి చూశారు. గంట తరవాత పెద్దాయన చెప్పాడు. ఈ బొమ్మని ఇకమీదట దానానికి రుజువుగా ఒప్పుకోరు. మిగతా కాగితాలన్నీ విచారించేదాకా కంచె గుంజ ఒక్కటి కూడా పాతకూడదు. ఎఫువా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

తెర ఆరిపోయింది.

"ఇందాక ఏదో అన్నావు," అంది హైమ. "లైను సరిగ్గా లేదు, వినపడలేదు. ఇంకోసారి అనవా?"

"పోవే."

సునంద గిన్నెలు సంచీలో సర్దుతోంది. ఎడమచేత్తో సర్దుతోంది. మరచెంబు దగ్గర ఆగి, అమ్మ పేరుని వేలితో తడిమింది. ఆ ఒక్క పేరు మాత్రం చెరపలేదు.

"అమ్మని అనుకుని ఏం లాభంలే," అంది. "ఆవిడ కాలం అది. ఆ నాంచారమ్మ నోరు మూసుకుని ఉంటే ఆ ఎండాకాలమే ఉండేది కాదు. దొంగచాటు అలవాటూ అయ్యేది కాదు. దాన్ని మాత్రం ఈ జన్మకి క్షమించలేను."

హైమకి నవ్వు రాలేదు. నలభై నాలుగేళ్ళుగా అలా ఉంచిన సంగతి అలాగే ఉంచెయ్యొచ్చు. నాంచారమ్మ వచ్చి కాదని చెప్పదు. పిన్నిగారి సూది అంత లోతుకి దిగదు. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఇందాక సముద్రం అవతలి ఊరంతా చూస్తుండగా చెయ్యెత్తి చూపించింది.

"నాంచారమ్మ కాదక్కా."

సునంద తలెత్తింది.

"బందరు లడ్డు ఇస్తానంది అమ్మ. ఒక్క లడ్డు. నువ్వు బావి వెనక ఉన్నావని చెప్పింది నేను." హైమ సంచీ పట్టుకున్న చేతులు వదిలేసింది. "తప్పు నాది."